వేడి మీద మొరాయిస్తున్న కారు: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు

అంబత్తూరు బాటసారి
మే 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోతున్నానే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇక రాయక తప్పడం లేదు.

నాది 2012లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల ఇంజను, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున తాళం తిప్పీ తిప్పకముందే అందుకుంటుంది. అరగంట నడిపి ఎక్కడైనా ఆపి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి మళ్లీ తిప్పితే మాత్రం సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. పది సెకన్లు తిప్పినా అంతే. బానెట్ ఎత్తి గంట నిలబడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఆపిన రెండు నిమిషాల్లో తిప్పితే ఏ గొడవా లేదు.

మొన్న ఆదివారం చెన్నై కోయంబేడు మార్కెట్ దగ్గర మా అత్తగారితో, రెండు సంచుల కూరగాయలతో ఎండలో ముప్పావుగంట నిలబడ్డాం. తోటకూర వాడిపోయింది. అత్తగారు వాడలేదు గానీ మాట్లాడటం మానేశారు.

ఇప్పటికి మార్పించినవి: బ్యాటరీ, నాలుగు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్. థ్రాటిల్ బాడీ కూడా శుభ్రం చేయించాను. తొమ్మిది వేల పైచిలుకు అయింది. ఇప్పుడు ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

తడ దాకా
మే 9, రాత్రి 10:42

సెల్ఫ్ మోటారు చూపించండి. మా బావగారి బండికి ఇదే గొడవ. వేడికి బిగుసుకుపోయేది. లోపల బుష్‌లు మార్చారు, పోయింది.

పెరంబూరు పిస్టన్
మే 9, రాత్రి 11:20

తడ దాకా గారూ, ఆయన సెల్ఫ్ గిరగిరా తిరుగుతోందనే రాశారు కదా. మీరు చెప్పే జబ్బులో సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంది, లేదా టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. అప్పుడు సెల్ఫ్‌తో పాటు బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ కూడా చూడాలి. ఈయన సంగతి వేరు.

బాటసారి గారూ, పంపు జోలికి ఇప్పుడే పోవద్దు. బండి నడుస్తున్నంతసేపు ముందు నుంచి గాలి కొడుతుంది, ఇంజనులో కూలెంటు తిరుగుతుంటుంది. ఆపగానే రెండూ ఆగిపోతాయి. ఇంజను దిమ్మెలో ఉన్న వేడి ఎటూ పోలేక చుట్టుపక్కల వస్తువుల్లోకి పాకుతుంది. అందుకే బానెట్ కింద కొన్ని భాగాలు నడిచేటప్పటి కంటే ఆపిన తర్వాతే ఎక్కువ వేడెక్కుతాయి. మీ బండి మొరాయించేది సరిగ్గా ఆ సమయంలోనే. రెండు నిమిషాలకు రాని జబ్బు ఇరవై నిమిషాలకు వచ్చి, గంటకు పోవడం అందువల్లే.

ఇక ఆ వేడికి పెట్రోలు అందకపోతోందా, మరీ ఎక్కువవుతోందా, నిప్పురవ్వ పోతోందా అన్నది తేల్చాలి. చల్లగా ఉన్నప్పుడు షెడ్డులో పెట్టి తేల్చలేరు. జబ్బు వచ్చిన ఆ ఇరవై నిమిషాల్లోనే, అది ఎక్కడ వస్తే అక్కడే చూడాలి.

ఈసారి మొరాయించినప్పుడు సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని మీటర్ల దీపాలు వెలిగేదాకా మాత్రమే తిప్పండి. వెనక సీటు కింద పంపు ఒకటి రెండు సెకన్లు 'జుయ్' మని ఆగుతుంది. ఆపేసి మళ్లీ తిప్పండి. అలా మూడు నాలుగుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, ఆపిన బండిలో పెట్రోలు ఒత్తిడి నిలవడం లేదని అర్థం. పంపులో పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే చెక్ వాల్వో, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరో, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారడమో కారణం కావచ్చు. అలా కాకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో అలా తొక్కితే సెల్ఫ్ తిరిగినంతసేపు ఇంజెక్టర్లు మూసుకునే ఉంటాయి, లోపల నిండిన పెట్రోలు ఆరిపోతుంది. నల్లటి పొగతో, పెట్రోలు వాసనతో అందుకుంటే ఎక్కువైందన్నమాట.

ఈ రెండింటికీ లొంగకపోతే మళ్లీ రాయండి. ఇంకొకటి మరిచాను: సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఇంజను వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కదులుతోందా లేదా చూడండి.

తడ దాకా
మే 10, ఉదయం 7:05

సెల్ఫ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నన్నడిగితే ఇదంతా ఇథనాల్ మహిమ. పెట్రోలులో దాన్ని 20 శాతం కలపడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏ పాత బండీ సుఖంగా లేదు.

మైలాపూరు మీటరు
మే 10, ఉదయం 8:30

ప్రతి జబ్బుకూ ఒకే దయ్యాన్ని చూపించడం తేలిక. 20 శాతం మిశ్రమాన్ని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు, ఆ తర్వాత విడతలుగా బంకులన్నింటికీ వచ్చింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలకు, సీళ్లకు అది పడకపోవచ్చు, మైలేజీ కొంత తగ్గుతుంది. అవి నిజమే. పెట్రోలు ఆవిరైపోవడం మాత్రం ముఖ్యంగా ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. ఇథనాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది, పెట్రోలులోని తేలిక భాగాలు అంతకంటే చాలా ముందే మరుగుతాయి. ఈ తరహా ఇంజన్లలో ఇంజెక్టర్ల దగ్గర మామూలుగా 3 నుంచి 4 బార్ల ఒత్తిడి ఉంటుంది. ఆపిన తర్వాత కూడా అందులో చాలా భాగం నిలిచి ఉంటే ద్రవం ద్రవంగానే ఉంటుంది. ఒత్తిడి కారిపోయినప్పుడే గొట్టం నిండా ఆవిరి చేరుతుంది. అంటే తప్పు వాల్వుదవుతుంది. ఇథనాల్ మహా అయితే దాన్ని కాస్త ముందుగా బయటపెడుతుంది.

పాత పానా
మే 10, మధ్యాహ్నం 2:10

ఒత్తిడి మాట వచ్చింది కనుక. మా కాలంలో కార్బ్యురేటర్ బండ్లకు పంపు ఇంజను ఒంటికే అంటుకుని ఉండేది, రెడ్‌హిల్స్ దాటితే చాలు ఆవిరి పట్టేసేది. డిక్కీలో ఒక కూజా నీళ్లు, ఒక పాత తువ్వాలు తప్పనిసరి. తడి తువ్వాలు పంపుకు చుట్టి, చింతచెట్టు కింద కూర్చుని, మజ్జిగ తాగి లేచేసరికి బండి సిద్ధం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడి తమిళులు మే నెల మండుటెండల్ని అగ్ని నక్షత్రం అంటారు. ఏ పేరుతో పిలిచినా పంపుకు తెలిసేది ఒకటే. బాటసారి బాబూ, పిస్టన్ చెప్పినట్టు చెయ్యి. కారులో తువ్వాలొకటి పెట్టుకో, పనికొస్తుంది.

డీజిల్ దాసు
మే 10, సాయంత్రం 6:45

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది డీజిల్, వేడి మీద ఇదే తీరు. పై పరీక్షలు నాకూ పనిచేస్తాయా?

పెరంబూరు పిస్టన్
మే 10, రాత్రి 9:00

లేదు దాసు గారూ, మీది వేరే లోకం. కామన్ రెయిల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే) డీజిల్‌లో సెల్ఫ్ తిరిగేటప్పుడు రెయిల్ ఒత్తిడి సుమారు 200 బార్లు దాటితే గానీ ఇంజనును నడిపించే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. వేడికి డీజిల్ పలచబడుతుంది. అరిగిన ఇంజెక్టర్లు దాన్ని వెనక్కి కార్చేస్తే ఒత్తిడి ఆ గీత దాటదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు తగిలించి, దేనిలో ఎక్కువ చేరుతోందో చూస్తారు. మీ దగ్గర డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డులో అడగండి. రెయిల్ గొట్టాలు మాత్రం మీరు విప్పకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వివరాలకు వేరే చర్చ తెరిస్తే అక్కడ మాట్లాడుకుందాం.

అంబత్తూరు బాటసారి
మే 13, రాత్రి 9:35

ఈరోజు పాడి వంతెన దగ్గర మందుల దుకాణం ముందు దొరికింది. అది మొరాయించాలని కోరుకుంటూ నడపడం వింతగా ఉంది. ఇరవై నిమిషాలు కావాలనే ఆగి వచ్చి తాళం తిప్పాను. అందుకోలేదు. ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తాళం నాలుగుసార్లు తిప్పాను. పంపు ప్రతిసారీ 'జుయ్' మంది. సెల్ఫ్ కొడితే ఫలితం లేదు. యాక్సిలరేటర్ మొత్తం తొక్కి కొట్టాను. లేదు. పెట్రోలు వాసన కూడా లేదు. ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద అతికించినట్టు ఉంది. చల్లారి స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రం సెల్ఫ్ తిరుగుతుండగానే ముల్లు కొద్దిగా లేచింది.

పెరంబూరు పిస్టన్
మే 13, రాత్రి 10:05

ఆ ముల్లే చెప్పేసింది. కొన్ని బండ్లలో సెల్ఫ్‌కు ముల్లు లేవనే లేవదు కనుక అదొక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. కానీ మీ బండిలో చల్లగా ఉంటే లేస్తోంది, వేడిగా ఉంటే లేవడం లేదు. ఇంజను తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చేరడం లేదు. అది తెలియకపోతే కంప్యూటర్ నిప్పురవ్వా ఇవ్వదు, ఇంజెక్టర్లనూ తెరవదు. వాసన రాకపోవడం అందుకే.

ఇంజను తిరగడాన్ని పసిగట్టి కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించండి. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట వేలెడంత నల్లటి ప్లాస్టిక్ ముక్క, ఒక బోల్టుతో ఉంటుంది. లోపల వెంట్రుక కంటే సన్నని రాగి తీగ చుట్ట. ఎక్కడైనా చిట్లి ఉంటే వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. ఈసారి మొరాయించినప్పుడు తడి గుడ్డ దాని మీద వేసి అయిదు నిమిషాలు ఆగండి. నీళ్లు కుమ్మరించకండి, పక్కనే ఇంజను పొగను సైలెన్సర్‌కు చేర్చే మానిఫోల్డ్ కాగుతుంటుంది, పగులుతుంది. గుడ్డకు అందుకుంటే అదే దొంగ.

కొత్త లైసెన్సు
మే 14, ఉదయం 10:20

నేను బండి కొని ఆరు నెలలే అయింది. నాకు వేడితో సంబంధం లేదు. పెట్రోలు పోయించుకున్న వెంటనే మాత్రమే మొరాయిస్తుంది. బంకు కుర్రాళ్లు నెడుతూ నవ్వుతున్నారు. ఇదీ క్రాంక్ సెన్సరేనా?

పాత పానా
మే 14, ఉదయం 11:15

కాదమ్మా. ట్యాంకులోని ఆవిరిని ఇంజనుకు పంపే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, పర్జ్ వాల్వు అంటారు. మూసుకోవలసిన వేళ అది తెరుచుకునే ఉంటే, ట్యాంకు నింపేటప్పుడు లేచే ఆవిరంతా ఇంజనులోకి పోయి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. కరెంటు ఇవ్వకుండా ఆ వాల్వులోకి నోటితో ఊదితే గాలి పోకూడదు. పోతే మార్చడమే. ఇంకో మాట: బంకులో 'టక్' మని ఆగిన తర్వాత లెక్క సరిచేయడానికి ఇంకా పోయించకు. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి పెట్రోలే పోతుంది.

అంబత్తూరు బాటసారి
మే 17, సాయంత్రం 7:50

తువ్వాలు వైద్యం పనిచేసింది! తిరుమంగళం సిగ్నలు దాటాక ఆపాను. మొరాయించాక తడి తువ్వాలు మడిచి పెట్టాను, సుయ్యిమంది. అయిదు నిమిషాలకు అర తిప్పులో అందుకుంది. మామూలుగా గంట పట్టేది.

వెంటనే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లాను. పది దుకాణాల్లో పది ధరలు. పుదుప్పేటలో పాతది 300కే ఇస్తామన్నారు. వేడికి చెడే వస్తువును మళ్లీ పాతది కొనడం ఏమిటని కొత్తది 1,450కి తీసుకున్నాను. నేనే బిగించాను. బోల్టు ఒకటే అయినా చేయి దూరే సందు లేదు, మోచేయి గీసుకుపోయింది. మూడు గంటలు తిప్పి చూశాను, గొడవ లేదు. పిస్టన్ గారికి వేల కృతజ్ఞతలు.

తడ దాకా
మే 17, రాత్రి 8:15

శుభం. నెల్లూరు వెళ్లేటప్పుడు తడ దగ్గర ఆగితే టీ నా ఖర్చు.

అంబత్తూరు బాటసారి
మే 26, రాత్రి 11:50

శుభం పలికిన వేళ ఏమిటో గానీ, ఈరోజు నెల్లూరు నుంచి వస్తూ సూళ్లూరుపేటలో భోజనానికి ఆగాం. బయటికి వచ్చేసరికి అదే కథ. సెల్ఫ్ తిరుగుతుంది, ముల్లు లేవదు. కొత్త సెన్సర్ వేసి తొమ్మిది రోజులే. నకిలీ అంటగట్టారా? అత్తగారు ఇప్పుడు మాట్లాడుతున్నారు. మాట్లాడకపోతేనే బాగుండేది.

పెరంబూరు పిస్టన్
మే 27, ఉదయం 6:40

నా వల్ల 1,450 పోయిందేమోనని నిద్ర పట్టలేదు. నకిలీ కావచ్చు, కానీ సరిగ్గా అదే తీరులో చెడటం నమ్మబుద్ధి కావడం లేదు. పాత సెన్సర్ పారేశారా?

అంబత్తూరు బాటసారి
మే 27, ఉదయం 7:10

లేదు, డ్యాష్‌బోర్డు డబ్బాలో ఉంది.

మైలాపూరు మీటరు
మే 27, ఉదయం 9:25

మంచిది. దాన్ని విచారించకుండానే శిక్ష వేశాం, ఇప్పుడు విచారిద్దాం. మీది రెండు కాళ్ల సెన్సర్, రాగి చుట్ట రకం, కనుక మామూలు మల్టీమీటరు చాలు. రాగి చుట్ట బదులు చిప్పు ఉండే మూడు తీగల హాల్ రకమైతే ఈ పరీక్ష చెల్లదు. ముందు చల్లగా ఉన్నప్పుడు రెండు కాళ్ల మధ్య నిరోధం ఎన్ని ఓమ్‌లో చూడండి. తర్వాత సెన్సర్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కాళ్లు తడవకుండా వేడి నీళ్లలో ముంచి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. రాగికి ప్రతి పది డిగ్రీలకు సుమారు 4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. 30 నుంచి 90 డిగ్రీలకు పోతే 20 శాతానికి కాస్త పైన పెరగాలి. అంతే పెరిగితే చుట్ట ఆరోగ్యంగా ఉన్నట్టే. అంకె ఎగిరిపోయినా, మీటరు అనంతం చూపినా చిట్లినట్టు.

అంబత్తూరు బాటసారి
మే 27, రాత్రి 9:15

వంటింట్లో పాల గిన్నె తీసుకుని ఈ పని చేస్తుంటే మా ఆవిడ చూసింది. ఆ గిన్నె ఇకపై నాదేనట.

చల్లగా 860 ఓమ్‌లు. నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉంచి పావుగంట ఆగితే మెల్లగా ఎక్కుతూ 1,050 దగ్గర నిలబడింది. వేడిలోనే స్పూనుతో తట్టి చూశాను, అంకె చెదరలేదు. కొత్తదీ దాదాపు అంతే.

మైలాపూరు మీటరు
మే 27, రాత్రి 9:40

860కి 1,050 అంటే 22 శాతం. లెక్క సరిగ్గా సరిపోయింది. పాత సెన్సర్ నిర్దోషి.

పాత పానా
మే 27, రాత్రి 10:30

ఇప్పుడు అర్థమైంది. తడి తువ్వాలు వేసింది సెన్సర్ మీద మాత్రమేనా? దాని ప్లగ్గు మీద, తీగ మీద కూడా పడలేదా? చల్లబడింది మూడూ. తొమ్మిది రోజులు బాగా నడిచిందంటే కొత్త సెన్సర్ పెట్టేటప్పుడు ప్లగ్గు పీకి మళ్లీ గుచ్చావు కదా, ఆ కుదుపుకు లోపలి సందు తాత్కాలికంగా సర్దుకుంది. వస్తువు మార్చినప్పుడు బాగైంది వస్తువు వల్లా, చెయ్యి పడటం వల్లా అని అడగడం నేను ఒక పెట్టె నిండా మంచి సామాన్లు పారేశాక నేర్చుకున్నాను బాబూ.

బ్యాటరీ నెగటివ్ విప్పు. కంప్యూటర్ దగ్గరి పెద్ద ప్లగ్గు, సెన్సర్ దగ్గరి చిన్న ప్లగ్గు రెండూ తీసి, ఒక్కో తీగనూ ఈ చివర నుంచి ఆ చివరకు కొలువు. ఒక ఓమ్ లోపే ఉండాలి. బండి వేడిగా ఉన్నప్పుడే కొలువు, కొలుస్తూ తీగను అంగుళం అంగుళం వంచుతూ పో. ఎవరినైనా మీటరు చూస్తూ ఉండమను. చెయ్యి కాలుతుంది, చేతి తొడుగులు వేసుకో.

అంబత్తూరు బాటసారి
మే 31, సాయంత్రం 5:20

దొరికింది.

మీటరు చూసే పని మా అబ్బాయికి అప్పగించాను. ఒక తీగ 0.4 ఓమ్ దగ్గర కదలకుండా ఉంది. రెండోది 0.6 చూపిస్తూ ఉంది. నేను సెన్సర్ ప్లగ్గుకు రెండంగుళాల దూరంలో వంచగానే 'నాన్నా, పోయింది' అన్నాడు. వదిలితే వచ్చింది, వంచితే పోయింది. ఇద్దరం ఓ పదిసార్లు ఆ ఆట ఆడాం.

ప్లగ్గు విప్పి చూస్తే లోపలి లోహపు కాలు, తీగను కరిచి పట్టుకునే చోట, ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. తీగ పోగుల్లో రెండు మూడు తప్ప అన్నీ తెగిపోయాయి. పైన తొడుగు బెల్లం అచ్చులా గట్టిపడి, వంచితే పెళుసుగా విరిగింది. మానిఫోల్డ్ వైపు ఉండాల్సిన వేడి తొడుగు లేనే లేదు, తీగను పట్టి ఉంచే క్లిప్పూ లేదు. నాలుగేళ్ల కిందట క్లచ్ పని చేయించాను, అప్పుడు విప్పినవారు మళ్లీ పెట్టలేదేమో.

పెరంబూరు పిస్టన్
మే 31, సాయంత్రం 6:00

వేడికి ప్లాస్టిక్ సడలడం, ఆ రెండు పోగులూ పట్టు వదలడం. నేను సెన్సర్ దగ్గరే ఆగిపోయాను, తీగ గుర్తుకు రాలేదు. పానా గారికి నమస్కారం.

బాగుచేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ రెండు తీగలూ ఒకదానికొకటి మెలివేసి ఉంటాయి, పైన రేకు తొడుగు కూడా ఉండవచ్చు. అది అలంకారం కాదు. సెల్ఫ్ వేగానికి ఆ సెన్సర్ పుట్టించే వోల్టేజి చాలా తక్కువ, పక్క తీగల గోల అందులో కలవకుండా ఆ మెలిక కాపాడుతుంది. అతికేటప్పుడు మెలిక విప్పేసి వదలకండి, రెండు తీగలను తారుమారు చేయకండి.

అంబత్తూరు బాటసారి
జూన్ 3, రాత్రి 8:40

తీగతో సహా కొత్త ప్లగ్గు 280 రూపాయలు. అతుకు టంకం వేయించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేసి, దాని మీద ఫైబర్ గ్లాస్ తొడుగు తొడిగించి, మానిఫోల్డ్‌కు దూరంగా క్లిప్పుతో కట్టించాను. బండిలో పాత సెన్సరే పెట్టాను. కొత్తది డబ్బాలో ఉంది.

నిన్న మిట్టమధ్యాహ్నం అంబత్తూరు నుంచి తడ దాకా పోయి, కావాలనే ఎండలో ఆపి, ఇరవై నిమిషాలు గడియారం చూసుకుని తాళం తిప్పాను. ముల్లు లేచింది, ఇంజను అందుకుంది. మళ్లీ ఆపి పది నిమిషాలు, మళ్లీ ఆపి అరగంట. మూడుసార్లూ అదే.

తడ దాకా గారూ, టీ నేనే తాగేశాను. బాకీ మాత్రం మీదే.

కొత్త లైసెన్సు
జూన్ 3, రాత్రి 9:10

నా పర్జ్ వాల్వులోకి ఊదాను, గాలి ధారాళంగా పోయింది. రేపు మార్పిస్తున్నాను. బాటసారి గారూ, ఆ పాల గిన్నె అద్దెకు ఇస్తారా? మా కూలెంటు సెన్సర్‌ను కూడా ఒకసారి విచారించాలి.

అంబత్తూరు బాటసారి
జూన్ 3, రాత్రి 9:25

ఇస్తాను. మూత మాత్రం ఇంకా మా ఆవిడదే.